నీరసానికి కొలత

కడప జిల్లాలో ఏ పల్లెకు పోయినా ఒక మాట వినబడకుండా ఉండదు. "కాళ్లల్లో సత్తువ లేదప్పా, లేస్తే కండ్లు తిరగతాండాయి." అనేది డెబ్బై దాటిన జేజి కావచ్చు, వేలూరులో కీమో చేయించుకుని బస్సు దిగిన నడివయసు మనిషి కావచ్చు. ఇంట్లోవాళ్లు ఆర్‌ఎంపీకి కబురు పెడతారు. ఆయన వచ్చి కిటికీ చువ్వకు గ్లూకోజ్ సీసా కట్టి, అందులోకి సిరంజితో ఏదో చిన్న వయల్ మందు ఎక్కిస్తాడు. మర్నాడు జేజి లేచి కూర్చుని సంగటి అడిగి తింటుంది. "ఆయన చేతివాసి మంచిది" అని వీధంతా అనుకుంటుంది. వారం తిరిగేసరికి మళ్లీ సీసా, మళ్లీ వయల్.

ఆ వయల్‌లో చాలాసార్లు ఉండేది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. పల్లెల్లో డెక్సా అంటారు. కరోనా కాలంలో దాని పేరు అందరి నోటా నలిగింది. ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చిన రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున, పది రోజులు మించకుండా ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ పరీక్ష తేల్చింది. ఏడాది తిరగకముందే, 2021 వేసవిలో, షుగర్ ఉన్నవాళ్లకు స్టెరాయిడ్లు అడ్డూ అదుపూ లేకుండా పడినచోట బ్లాక్ ఫంగస్ వచ్చి కళ్లు పోయాయి, దవడలు పోయాయి. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఉన్నచోట ఆ మందు ఒకలా పనిచేసింది, జవాబు లేనిచోట ఇంకోలా పనిచేసింది.

నీరసం విషయంలో ఆ మూడు ప్రశ్నలనూ ఓపికగా అడిగిన వైద్యుడు ఒకాయన ఉన్నాడు. పేరు శ్రీరామ్ ఎన్నురాజలింగం. అమెరికాలో హ్యూస్టన్ నగరంలోని ఎం.డి. ఆండర్సన్ కేన్సర్ సెంటర్‌లో ఉపశమన వైద్యం, అంటే పాలియేటివ్ కేర్, చెప్పే ప్రొఫెసర్. ఈ వ్యాసం ఆయన జీవిత చరిత్ర కాదు. ఆయన చేతి పనిని, ముఖ్యంగా రెండు పరిశోధనలను, దగ్గరగా పెట్టుకుని చూడడానికి రాస్తున్నది. ఒక కుర్చీ బాగుందనడం వేరు, దాన్ని తిరగేసి కీళ్లు ఎలా బిగించాడో చూడడం వేరు. నాకు రెండోదే ఇష్టం.

ఆయన పనిచేసే చోటు గురించి కొంచెం చెప్పాలి. ఎం.డి. ఆండర్సన్ 1941లో పుట్టిన సంస్థ. ప్రపంచంలో కేన్సర్ మీద ఎక్కువ పరిశోధన జరిగే ఆసుపత్రుల్లో ఒకటి. అలాంటి చోట అందరి చూపూ గడ్డ మీదే ఉంటుంది: ఎంత కరిగింది, ఎంత తగ్గింది, ఏ కొత్త మందుకు లొంగింది. గడ్డ ఉన్న మనిషికి రాత్రి నిద్ర పట్టిందా, నాలుగు ముద్దలు దిగాయా అన్నది పక్కన పడిపోతుంది. అర్జెంటీనా నుంచి కెనడా వచ్చి, అక్కడి ఎడ్మంటన్‌లో పేరు తెచ్చుకున్న ఎడ్వార్డో బ్రూయెరా 1999లో హ్యూస్టన్ చేరి, ఆ పక్కన పడ్డదాన్ని ఒక పూర్తి విభాగంగా పెంచాడు. ఎన్నురాజలింగం పని ఎదిగింది ఆ నీడలోనే.

తొలి రోజుల్లో ఆయన కలం వృద్ధుల వైపు ఎక్కువగా పోయింది. 2005లో వృద్ధుల వైద్యానికే అంకితమైన ఒక పత్రికలో, ముసలివాళ్ల నొప్పి గురించి, చివరి రోజుల్లో వచ్చే మతిచలింపు గురించి పరిశోధన ఎక్కడి దాకా వచ్చిందో మరో ఇద్దరితో కలిసి ఒక పెద్ద సమీక్ష రాశాడు. ఉపశమన వైద్యం మీద ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేసిన అమెరికన్ చేతిపుస్తకానికి బ్రూయెరాతో కలిసి సంపాదకుడు. అది మొదట 2011లో వచ్చింది, 2016లో రెండో కూర్పు వచ్చింది. ఇలాంటి పుస్తకాలకు సన్మాన సభలు జరగవు. రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు కోటు జేబులోంచి తీసి మోతాదు చూసుకోవడానికే అవి పుట్టాయి. ఒక విద్య నిలబడేది ఇలాంటి వాటి మీదే అని నా అభిప్రాయం.

ఇక నీరసం దగ్గరికి.

కేన్సర్ ముదిరిన మనిషిలో కనిపించే నీరసం పొలం పని చేసి వచ్చిన అలసట లాంటిది కాదు. పడుకుంటే తీరదు. నోట్లో ముద్ద పెట్టుకోవడానికి చేయి లేవదు, మనవడు వచ్చి పక్కన కూర్చున్నా పలకరించబుద్ధి కాదు. నొప్పికి మార్ఫిన్ ఉంది, వాంతులకు మందులున్నాయి. నీరసానికి మాత్రం "అంతేనమ్మా, జబ్బు అలాంటిది" అన్న ఓదార్పే మందు. అలాగని డాక్టర్లు చేతులు కట్టుకు కూర్చోలేదు. ముదిరిన కేన్సర్‌లో స్టెరాయిడ్లు ఇవ్వడం దశాబ్దాలుగా ఉన్న అలవాటే. 1974లో అమెరికాలో మోర్టెల్ బృందం, 1985లో బ్రూయెరా బృందం స్టెరాయిడ్లను ప్లాసిబోతో, అంటే మందులేని బిళ్లతో, పోల్చి చూశాయి. కాకపోతే వాళ్ల గురి ఆకలి, నొప్పి, ఒంటి బలం లాంటి వాటి మీద ఉంది. నీరసాన్నే ముఖ్యమైన ప్రశ్నగా ముందు పెట్టి, దానికి తగిన కొలబద్ద ఎంచుకుని, డెక్సామెథసోన్‌ను నిలదీసిన పరీక్ష మాత్రం రాలేదు. అలవాటుగా ఇచ్చే మందును పరీక్షించడం కొత్త మందును పరీక్షించడం కన్నా కష్టం. కొత్త మందుకు కంపెనీ వెనక ఉంటుంది. ఈ డెక్సా షీటు ఒకటి టీ డబ్బులకు వస్తుంది, దాని మీద ఎవడు పెట్టుబడి పెడతాడు?

2013లో ఎన్నురాజలింగం బృందం ఆ పని చేసి, అమెరికా కేన్సర్ వైద్యుల ప్రధాన పత్రికలో ప్రచురించింది. కాగితం చేతిలోకి తీసుకుని చూద్దాం.

మొదటి కీలు: ఎవరిని తీసుకోవాలి? "నీరసంగా ఉంది" అన్న ప్రతివాణ్నీ తీసుకోలేదు. ముదిరిన కేన్సర్ ఉండాలి. నీరసం, నొప్పి, వాంతి, ఆకలి లేకపోవడం, దిగులు, ఆందోళన, నిద్ర చెడడం అన్న జాబితాలో కనీసం మూడు, 10కి 4 లేదా ఆపైన ఉండాలి. ఈ 0 నుంచి 10 దాకా ఉన్న లెక్క 1991లో బ్రూయెరా ఎడ్మంటన్‌లో తయారుచేసిన పట్టిక నుంచి వచ్చింది. రోగి తానే ఒక్కో బాధకు అంకె వేస్తాడు. చూడడానికి చిన్న కాగితమే, కానీ డాక్టరు "ఎలా ఉంది?" అనడం, రోగి "ఉన్నాం సార్" అనడంతో ముగిసే సంభాషణను అది ముగియనివ్వదు. మన దగ్గర పాత డాక్టర్లకు దీనికి సమానమైన పద్ధతి ఒకటి ఉండేది. "రూపాయిలో ఎన్ని అణాలు తగ్గింది?" అని అడిగేవాళ్లు. "పదణాలు తగ్గింది సామీ" అని రోగి చెప్పేవాడు. పది దాకా అంకెలు వేయమంటే తికమకపడే ముసలాయన కూడా అణాల్లో తన బాధను తడుముకోకుండా చెప్పేవాడు. ఆ తెలివిని ఎవరైనా కాగితం మీద పెట్టి, పదిమందిలో పరీక్షించి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

రెండో కీలు: మోతాదు. ఉదయం 4 మిల్లీగ్రాములు, మళ్లీ ఇంకో పూట 4. మన మెడికల్ షాపుల్లో దొరికే అర మిల్లీగ్రాము చిన్న బిళ్లలైతే పూటకు ఎనిమిది. రోజు మొత్తానికి 8 మిల్లీగ్రాములు. ఇక్కడ కడప మనిషి ఒక క్షణం ఆగాలి. ఆర్‌ఎంపీ సీసాలోకి ఎక్కించే 2 మిల్లీలీటర్ల డెక్సా వయల్‌లో ఉండేది కూడా సరిగ్గా 8 మిల్లీగ్రాములే. మందు అదే, ఫిర్యాదు అదే, రోజు మోతాదు కూడా అదే. తేడా అంతా మిగతా కీళ్లలో ఉంది.

మూడోది: ఎన్నాళ్లు. 14 రోజులు, 15వ రోజున లెక్క. ఇది యథాలాపంగా పెట్టుకున్న గడువు కాదనిపిస్తుంది. స్టెరాయిడ్ మొదటి వారాల్లో ఆకలి పెంచుతుంది, మంట తగ్గిస్తుంది, మనసుకు ఉత్సాహం ఇస్తుంది. నెలలు గడిస్తే అదే మందు తొడ కండరాలను, భుజం కండరాలను తినేస్తుంది. రక్తంలో చక్కెర పెంచుతుంది, నోట్లో తెల్లపూత తెస్తుంది, ఇన్‌ఫెక్షన్లకు తలుపు తీస్తుంది, ఎముకలు గుల్ల చేస్తుంది. నీరసానికని మొదలుపెట్టిన మందే చివరికి కుర్చీలోంచి లేవలేని నీరసం తెచ్చిపెడుతుంది. నెలకు నాలుగుసార్లు సీసా పెట్టించుకున్న జేజి ఆరు నెలల తర్వాత కడప బండల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంటే, ఆ విరగడాన్ని ఆ వయల్‌తో ముడిపెట్టి చూసేవాళ్లు ఎవరుంటారు? బండ మీద నీళ్లున్నాయంటారు, అంతే.

నాలుగోది, నాకు అన్నిటికన్నా నచ్చింది: కొలబద్ద. నీరసాన్ని ఎలా కొలుస్తారు? రక్తపరీక్షలో కనిపించదు, ఎక్స్‌రేలో పడదు. వీళ్లు ఎంచుకున్నది 13 ప్రశ్నల పట్టిక. తినడానికి ఓపిక ఉంటోందా, మొదలుపెట్టిన పని చివరి దాకా చేయగలుగుతున్నారా, పగలు పడుకోవాల్సి వస్తోందా, నలుగురిలోకి వెళ్లడం మానేశారా, ఇలా ఉంటాయి ఆ ప్రశ్నలు. గడిచిన వారం రోజులు గుర్తుచేసుకుని ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా వేయాలి. మొత్తం 52. ఎక్కువ వస్తే ఓపిక ఉన్నట్టు. "బాగుందా, లేదా" అన్న ఒక్క ప్రశ్న వేస్తే రోగి డాక్టరు ముఖం చూసి జవాబు చెబుతాడు, మొహమాటం ఒక్క మనకే ఉన్నది కాదు. పదమూడు పనుల గురించి అడిగితే మొహమాటానికి దాక్కోను చోటు తక్కువ.

ఐదోది: కళ్లకు గంతలు. సగం మందికి అసలు మందు, సగం మందికి ప్లాసిబో. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు.

15వ రోజున లెక్క తీస్తే డెక్సా గుంపులో ఓపిక సగటున 9 పాయింట్లు పెరిగింది. మందులేని బిళ్ల వేసుకున్న గుంపులో 3.1 పెరిగింది. మందులో నిజంగా ఏమీ లేకపోయినా యాదృచ్ఛికంగా ఇంత తేడా కనబడే అవకాశం వెయ్యికి 8. ఒంటి బాధల మొత్తం కూడా తగ్గింది. దిగులు, ఆందోళనల లెక్కలో మాత్రం రెండు గుంపులకూ తేడా లేదు. మందు ఒంటికి ఓపిక ఇచ్చింది, మనసు భారం తీయలేదు. ఈ చివరి మాటను సారాంశంలోనే రాశారు, లోపల ఎక్కడో చిన్న అక్షరాల్లో దాచలేదు.

దుష్ప్రభావాల లెక్క మరీ ఆసక్తిగా ఉంటుంది. డెక్సా వేసుకున్న 62 మందిలో 41 మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. మందులేని బిళ్ల వేసుకున్న 58 మందిలో 44 మందికి వచ్చింది. ఉత్తుత్తి బిళ్లకే ఎక్కువ! గణితం ప్రకారం ఈ తేడా లెక్కలోకి రాదు. అయితే ఇంత ముదిరిన జబ్బులో రెండు వారాల్లో మనిషికి ఏదో ఒకటి అవుతూనే ఉంటుందని, పక్కన పోలిక గుంపు లేకపోతే ఆ పాపమంతా మందు ఖాతాలో పడుతుందని ఈ రెండు అంకెలు చెబుతున్నాయి. పుణ్యం విషయంలో కూడా అంతే. సీసా పెట్టిన మర్నాడు జేజి లేచి కూర్చున్నదంటే అందులో డెక్సా వాటా ఎంత, నీళ్ల వాటా ఎంత, పెద్దకొడుకు ఆ రాత్రి పక్కన కూర్చున్న వాటా ఎంత? పోలిక లేనిదే ఎవరూ చెప్పలేరు.

పై అంకెలను కలిపి చూసినవాళ్లకు ఒక సందేహం వచ్చే ఉంటుంది. దుష్ప్రభావాల లెక్కలో 120 మంది ఉన్నారు. 15వ రోజు నీరసం లెక్కకు దొరికింది 84 మంది, డెక్సా వైపు 43, అటువైపు 41. మిగతావాళ్లు ఏమయ్యారు? ఈ విద్యలో పరిశోధన ఎందుకంత కష్టమో ఇక్కడ తెలుస్తుంది. బీపీ మందు పరీక్షలో చేరినవాడు ఆర్నెల్ల తర్వాత కూడా క్లినిక్‌కు నడిచి వస్తాడు. ఇక్కడ చేరినవాళ్లలో కొందరికి రెండు వారాల్లో జబ్బు ముదురుతుంది, కొందరు ఆసుపత్రి పాలవుతారు, కొందరు పోతారు, కొందరికి కాగితం నింపే ఓపికే ఉండదు. నీరసం మీద పరీక్షలో నీరసం వల్లే మనిషి తప్పుకుంటాడు. దీన్ని కూడా ఈ విభాగం వాళ్లు లెక్కకట్టారు. తమ 18 పరీక్షల్లో చేరిన 1,214 మందిని తీసుకుని చూస్తే, ముఖ్యమైన లెక్క తీసే నాటికే 26 శాతం, పరీక్ష ముగిసే నాటికి 44 శాతం మంది లేరు. 2013లోనే వచ్చిన ఆ వ్యాసం రాసినవాళ్లలో ఎన్నురాజలింగం ఒకడు. తన పనిముట్టు ఎంత మొద్దుబారిందో తానే కొలిచి అందరికీ చెప్పే పనివాడు తక్కువగా కనిపిస్తాడు. పరీక్ష రూపొందించేటప్పుడు గడువు దగ్గరగా ఎందుకు పెట్టుకోవాలో, చేరేవాళ్ల సంఖ్య ముందే ఎందుకు పెంచుకోవాలో తర్వాత వచ్చేవాళ్లకు దాంతో అర్థమైంది.

నేను రెండో పరిశోధన అన్నది జిన్‌సెంగ్ కథ.

జిన్‌సెంగ్ అంటే కొరియా, చైనాల్లో బలానికి వాడే వేరు. మన దగ్గర అశ్వగంధ లేహ్యం తిన్నట్టు అక్కడ దాన్ని తింటారు. కేన్సర్ రోగులు డాక్టరుకు చెప్పకుండా ఇలాంటివి వాడడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. "అదంతా నమ్మకం" అని కొట్టిపారేయడం ఒక దారి, "మన పూర్వీకులు ఊరికే చెప్పలేదు" అని నెత్తిన పెట్టుకోవడం ఇంకో దారి. ఎన్నురాజలింగం ఈ రెంటిలో దేనివైపూ పోలేదు. మొదట 30 మందితో చిన్న పరీక్ష చేశాడు. రోజుకు 800 మిల్లీగ్రాములు, ప్లాసిబో లేదు, అందరికీ తెలిసే ఇచ్చారు. చివరి దాకా లెక్కకు దొరికిన 24 మందిలో 21 మందికి నీరసం తగ్గింది. అంటే 87 శాతం. 2015లో ప్రచురించారు.

ఇంకొకరైతే ఇక్కడే ఆగిపోయేవాళ్లు. 87 శాతం! డబ్బా మీద అచ్చు వేసుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? మన టీవీల్లో పొద్దున్నే వచ్చే లేహ్యాల ప్రకటనలకు ఇందులో పదోవంతు ఆధారం కూడా ఉండదు. ఈయన మాత్రం తన సొంత 87 శాతాన్ని తానే అనుమానించాడు. అదే జిన్‌సెంగ్, అదే 800 మిల్లీగ్రాములు, ఈసారి సగం మందికి మందులేని బిళ్ల, రోగి కళ్లకూ డాక్టరు కళ్లకూ గంతలు, 28 రోజులు. 2017లో ఫలితం వచ్చింది. జిన్‌సెంగ్ వేసుకున్నవాళ్లలో ఓపిక 7.5 పాయింట్లు పెరిగింది, ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్లలో 6.5 పెరిగింది. రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. జిన్‌సెంగ్ నీరసానికి ప్లాసిబో కన్నా మెరుగని చెప్పలేమని మొదటి వ్యాసం రాసిన చేత్తోనే రాసి అచ్చు వేయించాడు.

నాకు డెక్సా పరీక్ష కన్నా ఇదే గొప్పగా కనిపిస్తుంది. గెలిచిన పరీక్షను అందరూ అచ్చు వేయిస్తారు. తన ఆశను తానే పరీక్షకు పెట్టి, ఓడిపోతే ఓడిపోయానని పేరు కింద రాసుకోవడానికి గట్టి గుండె కావాలి. పైగా ఈ రెండు వ్యాసాలను పక్కపక్కన పెట్టి చదివితే ఒక్కోటిగా చదివినప్పుడు తెలియని సంగతి తెలుస్తుంది. మొదటి పరీక్షలో 21 మంది అబద్ధం చెప్పలేదు. వాళ్లకు నిజంగానే తేలికపడింది. అయితే ఆ తేలిక ఎక్కువగా వేరులోంచి రాలేదు.

మరి ఎక్కడినుంచి వచ్చింది? ఇదే విభాగం వాళ్లు అంతకుముందు, 2010లో, నీరసం పరీక్షల్లో ప్లాసిబో పడ్డ 105 మందిని విడిగా తీసి చూశారు. వాళ్లలో 59 మందికి, అంటే 56 శాతానికి, గట్టి మెరుగుదలే కనిపించింది. మందులేని బిళ్లకు! పరీక్షలో చేరిన రోగికి ఏమి జరుగుతుందో ఆలోచిస్తే ఇది అంత వింత కాదు. ఒక నర్సు వచ్చి కూర్చుని, తిండి తింటున్నారా, పగలు పడుకుంటున్నారా, పని మొదలుపెట్టగలుగుతున్నారా అని పదమూడు ప్రశ్నలు అడిగి, జవాబులు రాసుకుంటుంది. మళ్లీ పలకరిస్తుంది. ఏళ్లుగా "అంతేలే" అనిపించుకున్న బాధను ఎవరో మొదటిసారి అంకె వేసి రాసుకున్నారు. ఆర్‌ఎంపీ చేతివాసి మీద నాకున్న వెటకారం ఇది చదివాక కొంచెం తగ్గింది. అర్ధరాత్రి తలుపు తడితే బైకు మీద వచ్చి, మంచం అంచున కూర్చుని, నాడి పట్టుకుని, సీసా అయిపోయేదాకా ఉండే మనిషి ఆయనొక్కడే. ఆ వయల్ లేకుండా ఆ కూర్చోవడం ఒక్కటీ మిగిలితే ఎంత బాగుండు. ఊరు ఒప్పుకోదు, సూది గుచ్చకపోతే డబ్బులు ఎందుకివ్వాలంటుంది. అది వేరే కథ.

మెచ్చుకుంటూ పోతున్నాను గానీ, ఈ పనికి హద్దులు లేకపోలేదు. డెక్సా పరీక్ష 15వ రోజుతో ఆగిపోయింది. పదహారో రోజున ఆ రోగికి ఏం చెప్పాలి? మందు ఆపేస్తే నీరసం తిరిగొస్తుందా, కొనసాగిస్తే ఎంతవరకు? వైద్యుడికి అసలు తలనొప్పి అక్కడే మొదలవుతుంది, ఈ కాగితం అక్కడికి రాదు. 84 మంది అన్నది పెద్ద సంఖ్య కూడా కాదు. 2020లో యూరప్ కేన్సర్ వైద్యుల సంఘం మార్గదర్శకాలు ముదిరిన కేన్సర్‌లో నీరసానికి స్టెరాయిడ్లను స్వల్పకాలానికే పరిమితం చేయడంలో న్యాయం ఉంది.

పైగా ఒకదానికి పనిచేసింది కదా అని ఇంకోదానికి పనిచేస్తుందనుకోవడానికి లేదు. కేన్సర్ రోగుల ఆయాసానికి కూడా డాక్టర్లు అలవాటుగా డెక్సా ఇస్తారు. ఎం.డి. ఆండర్సన్‌లోనే డేవిడ్ హూయీ నడిపిన పరీక్ష ఒకటి 2022లో వచ్చింది. 128 మందిని తీసుకున్నారు. మొదటి వారం పూటకు 8 మిల్లీగ్రాములు, రెండో వారం 4 చొప్పున, రోజుకు రెండు పూటలు. ఆయాసం ప్లాసిబో కన్నా తగ్గలేదు, దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయి. మందు అదే, ఇల్లూ అదే, ఫలితం తలకిందులు. ఒక్కో బాధకు విడిగా పరీక్ష కావాలన్నది దీంతో మరీ గట్టిపడింది.

మన జేజికి ఈ పరిశోధన ఏం చెబుతుంది? డెక్సా వేయమని మాత్రం చెప్పదు. పరీక్షలో ఉన్నవాళ్లు ముదిరిన కేన్సర్ రోగులు, వాళ్ల ముందున్న కాలం తక్కువ, అందుకే రెండు వారాల ఓపికకు అంత విలువ. కేన్సర్ లేని డెబ్బై అయిదేళ్ల మనిషి నీరసం వెనక రక్తం తక్కువ కావడం ఉండవచ్చు, థైరాయిడ్ ఉండవచ్చు, అదుపు తప్పిన షుగర్ ఉండవచ్చు, బీపీ బిళ్లల వల్ల సోడియం పడిపోయి ఉండవచ్చు, భర్త పోయిన దిగులు ఉండవచ్చు, అయిదుగురు డాక్టర్లు రాసిన పదకొండు రకాల బిళ్లలు కలిసి చేసిన నిర్వాకం కావచ్చు. వృద్ధుల వైద్యం నేర్చినవాళ్లు మొదట అడిగేది "ఏమేం మందులు వేసుకుంటున్నారు, సంచి తెచ్చి చూపించండి" అని. స్టెరాయిడ్ పడితే ఇవన్నీ నాలుగు రోజులు కప్పబడిపోతాయి. జబ్బు లోపల తన పని తాను చేసుకుంటూ ఉంటుంది.

ఇలాంటి విద్యలు మన దేశంలో ఆలస్యంగా కాలూనాయి. ఉపశమన వైద్యాన్ని ఎం.డి. కోర్సుగా గుర్తించింది 2010లో. మార్ఫిన్ వంటి మందులు రోగులకు అందకుండా అడ్డుపడిన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది 2014లో. వృద్ధుల ఆరోగ్యానికి జాతీయ కార్యక్రమం 2010లో మొదలై, జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు ఉండాలని కాగితం మీద రాసింది. కర్నూలు మెడికల్ కాలేజీకి 1956 నుంచి చరిత్ర ఉంది, కడప రిమ్స్ 2006లో వచ్చింది. నీరసంతో వచ్చే ముసలివాళ్లకు ఈ రెండు చోట్లా కొదవ లేదు. ఆ పదమూడు ప్రశ్నలను రాయలసీమ మాటల్లో పెట్టి, ఓపీ వరండాలో కూర్చుని అడిగే పీజీ విద్యార్థికి స్కానింగు మెషిను అక్కర్లేదు, కోట్ల రూపాయల గ్రాంటు అక్కర్లేదు. "పోయిన వారంలో సంగటి కెలకడానికి ఓపిక ఉండిందా అవ్వా?" అని అడగగలిగితే చాలు.

ఎన్నురాజలింగం ఆ తర్వాత ఏం చేశాడో చూస్తే, డెక్సా పరీక్ష వదిలేసిన పదహారో రోజు ఆయనను కూడా వెంటాడినట్టే ఉంది. తర్వాతి పరీక్షల్లో ఒకదానిలో డెక్సాను ఏడు రోజులకు కుదించి, రెండు గుంపులకు రెండు మోతాదుల్లో ఇచ్చాడు. దానికి నాలుగు వారాల నడకను, కండరాలకు బలమిచ్చే కసరత్తును జోడించాడు. మందు ఇచ్చే ఆ కొద్దిరోజుల ఓపికను మంచం దిగడానికి వాడుకోవాలి, మందు ఆగేనాటికి కాళ్లకు అలవాటు కావాలి అన్న లెక్క అందులో కనిపిస్తుంది. రోగులు చేయగలరా అన్నదే మొదటి సందేహం. చాలామంది చేయగలిగారు, రెండు మోతాదుల గుంపుల్లోనూ నీరసం తగ్గింది. అది హ్యూస్టన్‌లో. మే నెలలో, నలభై మూడు డిగ్రీల ఎండలో, ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో కీమో ముగించుకుని వచ్చిన మనిషి ఏ వేళ నడవాలి, ఎంతసేపు నడవాలి, పక్కన ఎవరు నడవాలి అన్న పరీక్ష చేయాల్సింది మాత్రం ఇక్కడివాళ్లే.